లూసిల్ బాల్: చేతిపనిగా నేర్చిన నవ్వు

(నాటకరంగంలోకి కొత్తగా వచ్చిన నటీనటుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. గోడవారన నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కింద కూర్చోండి బాబూ. గంటసేపు వదలను మిమ్మల్ని, కాళ్లు నొప్పి పుడతాయి.

హాస్యం గురించి మాట్లాడమని పిలిచారు నన్ను. హాస్యం గురించి మాట్లాడటమంత నీరసమైన పని ఇంకొకటి లేదు. జోకు విప్పి చెబితే జోకు చచ్చిపోతుంది, వినేవాడికి జాలి మిగులుతుంది. అందుకని ఈరోజు హాస్యం జోలికి పోను. ఒక పనిమంతురాలి గురించి చెబుతాను. ఆవిడ పేరు లూసిల్ బాల్. అమెరికా టెలివిజన్ నటి. ‘ఐ లవ్ లూసీ’ అనే కార్యక్రమంలో లూసీగా ప్రపంచానికి తెలుసు.

మీలో ఎంతమంది చూశారు? నాలుగు చేతులు లేచాయి. ఫర్వాలేదు. చాక్లెట్ ఫ్యాక్టరీ ఘట్టం చూసినవాళ్లు? ఇప్పుడు చూడండి, సగం చేతులు లేచాయి! పేరు తెలియకపోయినా ఆ ఘట్టం ఏదో ఒక ఫోనులో మీ కళ్లబడే ఉంటుంది.

చూడనివాళ్ల కోసం చెబుతాను. 1952 సెప్టెంబరు 15న ప్రసారమైంది అది. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్, ఇద్దరికీ చాక్లెట్ ఫ్యాక్టరీలో తొలిరోజు. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి. ఒక్కొక్కటీ తీసి, కాగితం చుట్టి, మళ్లీ బెల్టు మీద పెట్టాలి. చుట్టని చాక్లెట్ ఒక్కటి దాటిపోయినా ఉద్యోగం ఊడుతుందని పర్యవేక్షకురాలు చెప్పి వెళుతుంది. మొదట బెల్టు మెల్లగా నడుస్తుంది. ఇంతేనా అనుకుంటారు. తర్వాత కాస్త జోరందుకుంటుంది. ఇంకాస్త. చేతులు చాలవు. అందనివాటిని నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్టులో వేసుకుంటారు. పర్యవేక్షకురాలు తిరిగి వచ్చి చూస్తే బెల్టు ఖాళీ. భేష్, పని బాగా వచ్చేసింది అనుకుని, బెల్టు ఇంకా వేగంగా తిప్పమని కేక వేస్తుంది.

ఎక్కడ నవ్వాం మనం? నోట్లో చాక్లెట్లు కుక్కుకున్నప్పుడు అంటారు మీరు. నేను అలా అనను. ఈసారి చూసినప్పుడు మొదటి కొద్ది సెకన్లు గమనించండి. ఆవిడ చాక్లెట్ చుట్టడం ఎలా ఉంటుందో చూడండి. శుభ్రంగా, పద్ధతిగా చుడుతుంది. ముఖంలో కొత్త ఉద్యోగికి ఉండే బుద్ధిమంతురాలి కళ. ఆ పని వచ్చు ఆవిడకు. పని వచ్చు కాబట్టే, ఆ పని చేయిదాటిపోవడం మనకు కనబడుతుంది. మొదటి చాక్లెట్ నుంచే కంగారుపడి ఉంటే? ఎవరో కంగారు మనిషి అనుకునేవాళ్లం, అంతే. పని రాని మనిషిగా నటించడానికి ముందు పని రావాలి. రాసుకోండి ఇది... వద్దులే, రాసుకోకండి, నన్నే చూడండి.

ఆ ఎపిసోడ్‌లోనే ఇంకో చిన్న సంగతి. కరిగిన చాక్లెట్‌లో మిఠాయిలు ముంచే బల్ల దగ్గర లూసీ పక్కన ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ నటి కాదు. నిజ జీవితంలో అదే పని చేసే మనిషి. ఈగ వాలిందని లూసీ ఆవిడ ముఖం మీద ఒకటి వేస్తుంది, ఆవిడ తిరిగి లూసీని కొట్టాలి. రిహార్సల్‌లో పాపం మొహమాటపడి మెల్లగా కొట్టేదట. ప్రేక్షకుల ముందు చిత్రీకరించే రోజున మొహమాటం వదిలేసింది. చెంప ఛెళ్లుమంది. ముక్కు విరిగిందేమో అనుకున్నానని లూసిల్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేది. అయినా పాత్రలోంచి బయటికి రాలేదు. మీలో ఎవరికైనా వేదిక మీద నిజంగా దెబ్బ తగిలిందా? తగిలినప్పుడు ఎవరికి తగిలింది, మీకా, మీ పాత్రకా?

సరే. లూసిల్ బాల్ తన గురించి పదే పదే ఒక మాట అనేది. నాలో హాస్యం లేదు, నా రచయితల్లో ఉంది, నా దర్శకుల్లో ఉంది, నాకున్నది ధైర్యం అనేది. పెద్ద నటులు ఇలా అంటే మనం వినయం అనుకుని చప్పట్లు కొడతాం. నేను చాలాకాలం అలాగే అనుకున్నాను. తర్వాత ఆవిడ జీవితం చదివాక అర్థమైంది, అది వినయం కానే కాదు. ఉన్నమాట. ఇంట్లో పార్టీలో నలుగురినీ నవ్వించే రకం కాదు ఆవిడ. సెట్‌లో కఠినమైన మనిషి. నవ్వు ఆవిడకు పుట్టుకతో రాలేదు. ఎలా వచ్చిందో చెబుతాను.

1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి టెలిఫోన్ తీగల పని చేసేవాడు. 1915లో టైఫాయిడ్‌తో పోయాడు, ఆయనకు ఇరవై ఏడేళ్లు. లూసిల్‌కు మూడేళ్లు. తల్లి కడుపుతో ఉంది. ఆరోజు ఒక పిట్ట ఇంట్లో దూరి చిక్కుకుపోవడం ఆ పిల్లకు గుర్తుండిపోయింది. జీవితాంతం పక్షుల బొమ్మలంటే కూడా పడేది కాదు. అన్ని చాక్లెట్లు, అన్ని మెట్లు, అన్ని నీళ్లతొట్లు లెక్కచేయని మనిషి, గోడ మీద పిట్ట బొమ్మ ఉంటే ఆ గదిలో ఉండలేకపోయేది!

పెంచింది అమ్మమ్మ, తాతయ్య. తాతయ్య ఫ్రెడ్ హంట్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు కథలో. మనవరాలిని వాడెవిల్ ప్రదర్శనలకు తీసుకెళ్లేవాడు. ఒక పాట, ఒక గారడీ, ఒక హాస్యం, ఒక కుక్క చేసే విన్యాసం, ఇలా కలగలుపుగా ఉండే వినోదం అది. పదిహేనేళ్లకు న్యూయార్క్ నగరంలో నాటక పాఠశాలలో చేరింది. అక్కడ అందరి కళ్లూ తోటి విద్యార్థిని బెట్టీ డేవిస్ మీదే, తర్వాత మహానటి అయిన ఆవిడే. ఈ పిల్ల బిడియంతో నోరు విప్పేది కాదు. మీ డబ్బు, మా సమయం వృథా అని పాఠశాలవాళ్లు తల్లికి ఉత్తరం రాశారు. వెనక వరుసలో ఒక అమ్మాయి నవ్వుతోంది. నీకూ ఎవరైనా రాశారా అమ్మా అలాంటి ఉత్తరం? దాచుకో.

1927లో ఇంకో దెబ్బ. ఇంటి పెరట్లో పిల్లలు తాతయ్య పర్యవేక్షణలో తుపాకీతో గురి నేర్చుకుంటుంటే, పొరుగు పిల్లవాడికి తూటా తగిలి నడుము చచ్చుబడింది. కోర్టు కేసు, ఇల్లు పోయింది, కుటుంబం చెదిరింది. హాస్యనటుల జీవితాల్లో దుఃఖం వెతకడం మనకొక సరదా. కన్నీళ్ల వెనుక నవ్వు, నవ్వు వెనుక కన్నీళ్లు అని వ్యాసాలు రాస్తాం. నాకు ఆ ఫార్ములా మీద నమ్మకం లేదు. దుఃఖం అందరికీ ఉంది, అందరూ లూసిల్ బాల్‌లు కాలేదు. అయితే ఒకటి మాత్రం నిజం. ఇల్లు, డబ్బు ఒక్క మధ్యాహ్నంలో పోవచ్చని పదహారేళ్లకే చూసిన పిల్ల, తర్వాత డబ్బు విషయంలో చాలా మెలకువగా ఉంది. అది ముందు ముందు పనికొచ్చింది.

మోడల్‌గా పనిచేసింది. 1933లో హాలీవుడ్ చేరింది, గుంపు నృత్యాల్లో ఒకతెగా. అక్కడి నుంచి దాదాపు పద్దెనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లండీ! పదుల కొద్దీ సినిమాలు. చిన్న వేషాలు, కొంచెం పెద్ద వేషాలు, చవక సినిమాల్లో కథానాయిక వేషాలు. ‘బి’ సినిమాల రాణి అని పేరు పెట్టారు, మెప్పో ఎత్తిపొడుపో తెలియని బిరుదు. ఆ ఎర్ర జుట్టు ఎం.జి.ఎం. స్టూడియోలో వచ్చింది, అక్కడి కేశాలంకార నిపుణుడు వేసిన రంగు. ఆవిడను ప్రపంచమంతా ఎర్రజుట్టు లూసీ అంటుంది. గమనించారా, ‘ఐ లవ్ లూసీ’ నలుపు తెలుపు కార్యక్రమం! ఆ ఎరుపు తెర మీద ఎవరూ చూడనే లేదు.

ఈ పద్దెనిమిదేళ్లలో రెండు చోట్ల ఆగుతాను. మొదటిది ఎం.జి.ఎం.లోనే. మూకీ సినిమాల మహానుభావుడు బస్టర్ కీటన్ అప్పటికి వైభవం పోగొట్టుకుని, అదే స్టూడియోలో ఇతరుల సినిమాలకు హాస్యం సమకూర్చే ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన ఈవిడలో ఏదో చూశాడు. ప్రాపర్టీలతో ఎలా మెలగాలో నేర్పాడు. ప్రాపర్టీలు అంటే మనకు తెలిసిందే కదా, కుర్చీ, గొడుగు, టోపీ, సీసా. మన నాటకాల్లో ఏమవుతుంది? రిహార్సల్ అంతా ఖాళీ చేతులతో చేస్తాం. ఇక్కడ గొడుగు ఉందనుకోండి అంటాం. ప్రదర్శన రోజు అసలు గొడుగు వస్తుంది. అది తెరుచుకోదు. అప్పుడు ప్రేక్షకులు నవ్వుతారు, కానీ ఆ నవ్వు మనది కాదు. లూసిల్ కీటన్ దగ్గర నేర్చినది జీవితాంతం వదల్లేదు. వస్తువు చేతికి అలవాటు అయ్యేదాకా రిహార్సల్ ఆపేది కాదు. తనకు లొంగని వస్తువును పట్టుకుని కెమెరా ముందుకు వెళ్లేది కాదు.

రెండోది రేడియో. 1948లో సి.బి.ఎస్. రేడియోలో ఒక హాస్య కార్యక్రమం మొదలుపెట్టింది, భార్యాభర్తల కథ. అక్కడే ఆవిడకు జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ అనే ముగ్గురు రచయితలు దొరికారు. మైకు ముందు ఈవిడ కాగితం చూసి చదువుతుంటే ఓపెన్‌హైమర్‌కు తృప్తి లేదు. జాక్ బెన్నీ అనే గొప్ప హాస్యగాడి రేడియో రికార్డింగుకు టిక్కెట్లు తెప్పించి, వెళ్లి చూసి రమ్మన్నాడు. బెన్నీ స్టూడియోలో ఉన్న ప్రేక్షకుల వైపు తిరిగేవాడు, చూపు నిలిపేవాడు, వాళ్ల నవ్వు కోసం ఆగేవాడు. లూసిల్ తిరిగి వచ్చి రేడియోలో ముఖకవళికలు మొదలుపెట్టింది! రేడియోలో ముఖం ఎవరికి కనబడుతుంది అంటారా? స్టూడియోలో కూర్చున్నవాళ్లకు. వాళ్లు నవ్వేవాళ్లు, ఆ నవ్వు విని ఇంట్లో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ముప్పై ఏడేళ్ల వయసులో ఎదురుగా ఉన్న ప్రేక్షకుల నవ్వు అంటే ఏమిటో ఆవిడకు తెలిసింది. అన్నేళ్లూ సినిమాల్లో లేనిది అదే.

ఇక టెలివిజన్. సి.బి.ఎస్. ఆ రేడియో కార్యక్రమాన్నే టెలివిజన్‌కు తెద్దామంది. ఈవిడ ఒక షరతు పెట్టింది, భర్త పాత్ర నా భర్తే వేయాలి అని. భర్త డెసి ఆర్నాజ్. క్యూబాలో పుట్టినవాడు, వాద్యబృందం నడిపే గాయకుడు, ఈవిడ కంటే ఆరేళ్లు చిన్న. 1940లో పెళ్లి చేసుకున్నారు. ఆయన పాటకచేరీలకు ఊరూరా తిరగడం, ఈవిడ స్టూడియోలో ఉండటం, కాపురం నిలిచేలా లేదు. ఒకే చోట పని దొరికితే ఇల్లు నిలబడుతుందని ఆవిడ ఆశ. ఉద్యోగుల బదిలీ దరఖాస్తు లాంటిదే ఇది, భార్యాభర్తలను ఒకే ఊళ్లో వేయండి మహాప్రభో అని.

ఛానెల్‌వాళ్లు ఒప్పుకోలేదు. యాసతో ఇంగ్లీషు మాట్లాడే క్యూబా మనిషిని అమెరికా అమ్మాయికి భర్త అంటే జనం నమ్మరన్నారు. నిజంగా భార్యాభర్తలైనవాళ్లను భార్యాభర్తలుగా నమ్మరట! వీళ్లు వాదించలేదు. 1950లో ఇద్దరూ కలిసి ఒక ప్రదర్శన తయారుచేసుకుని ఊళ్లు తిరిగారు. పెపీటో అనే విదూషకుడు వాళ్లకు ఒక చెల్లో వాద్యం తయారుచేసి ఇచ్చాడు, దాంట్లోంచి ఏవేవో వస్తువులు బయటికొస్తాయి. జనం పడి పడి నవ్వారు. 1951 మార్చి 2న, డెసి పుట్టినరోజున, నమూనా ఎపిసోడ్ తీశారు. ఆ తేదీ కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం సాంకేతికం, కానీ నాకు చాలా ఇష్టమైన భాగం. అప్పట్లో టెలివిజన్ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారం. పడమటి తీరం వాళ్లకు ఎలా చేరేవో తెలుసా? టెలివిజన్ తెరకు ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి, తెర మీది బొమ్మను తీసి పంపేవాళ్లు. మసకగా ఉండేది. లూసిల్, డెసి లాస్ ఏంజెలెస్ వదిలి వెళ్లం అన్నారు. అప్పుడు తూర్పు తీరానికి మసక బొమ్మ వెళుతుంది. ఎక్కువ మంది ప్రేక్షకులు ఉన్నది తూర్పునే. ప్రకటనకర్త సిగరెట్ కంపెనీ, వాళ్లు ఒప్పుకుంటారా? అందుకని డెసి ఇంకో దారి చెప్పాడు. సినిమాలాగా 35 ఎం.ఎం. ఫిల్మ్ మీదే తీద్దాం. ప్రేక్షకుల ముందు నాటకంలాగా ఆడదాం. మూడు కెమెరాలు ఒకేసారి తీస్తాయి. ఆగకుండా.

నాటకం, సినిమా, టెలివిజన్, మూడూ ఒకే గదిలో! బహుళ కెమెరాలు అంతకుముందు కొందరు వాడారు, ఇది పూర్తిగా వీళ్ల కల్పన అనను. ఇంత పట్టుగా, ఇంత అందంగా చేసినవాళ్లు మాత్రం వీళ్లే. వెలుగు సంగతి ఆలోచించండి. సినిమాలో దగ్గరి షాటుకు ఒక లైటింగు, దూరపు షాటుకు ఒక లైటింగు. ఇక్కడ మూడు కెమెరాలూ ఒకే క్షణంలో తీస్తుంటే లైట్లు మార్చేది ఎప్పుడు? దానికోసం కార్ల్ ఫ్రాయిండ్‌ను పిలిచారు. జర్మనీలో ‘మెట్రోపొలిస్’కు పనిచేసినవాడు, ఆస్కార్ అందుకున్న ఛాయాగ్రాహకుడు. అంతటివాడు టెలివిజన్ హాస్యానికి రావడమే విచిత్రం. ఆయన లైట్లను పైనుంచి వేలాడదీసి, సెట్ అంతా సమానమైన వెలుగు పరిచాడు. సెట్‌కు బూడిద రంగు ఛాయలు వేయించాడు. ఫలితం ఏమిటి? నటి ఎటు వెళ్లినా వెలుగులోనే ఉంటుంది. గుర్తు చూసుకుని నిలబడాల్సిన పని తగ్గింది. నటి ఒళ్లు మరచి కదలడానికి ఆ వెలుగు వీలిచ్చింది. దీపాలు వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీకు దండం పెడుతున్నాను.

ఫిల్మ్ అంటే ఖర్చు. ఆ ఖర్చుకు బదులుగా ఇద్దరూ వారానికి వెయ్యి డాలర్ల జీతం తగ్గించుకున్నారు. ప్రతిగా ఒకటి అడిగారు, తీసిన ఫిల్ముల హక్కు మాదే అని. ఛానెల్‌వాళ్లు సరే అన్నారు. ఒకసారి చూపించేసిన కార్యక్రమాన్ని ఇంకెవడు చూస్తాడు అని వాళ్ల లెక్క! తర్వాత అదే ఛానెల్ ఆ ఎపిసోడ్‌లను తిరిగి కొనుక్కుంది, 40 లక్షల డాలర్లకు పైనే పెట్టి. ఆ డబ్బుతో వీళ్ల సంస్థ డెసిలూ 1957లో ఆర్.కె.ఓ. స్టూడియోను కొంది. ఏ ఆర్.కె.ఓ.? లూసిల్ ఒకప్పుడు జీతానికి చిన్న వేషాలు వేసిన ఆర్.కె.ఓ.!

1951 అక్టోబరు 15న మొదటి ప్రసారం. 1957 దాకా 180 ఎపిసోడ్లు. ఆరు సీజన్లలో నాలుగింటిలో దేశంలో మొదటి స్థానం. కథ చెప్పేదేముంది, నగరంలో ఒక చిన్న ఫ్లాటు, క్లబ్బులో పాడే భర్త, ఎలాగైనా వేదిక ఎక్కాలని తపించే భార్య, ఇంటి యజమానులైన ఒక వయసు మళ్లిన జంట. అంతే. ఆ జంటలో ఎథెల్‌గా వివియన్ వాన్స్, ఫ్రెడ్‌గా విలియం ఫ్రాలీ. ఈ ఇద్దరికీ బయట క్షణం పడేది కాదు. ఆయన ఆవిడ కంటే ఇరవై రెండేళ్లు పెద్ద, ఈ ముసలాయనకు భార్యగా వేయాలా అని ఆవిడ గొణిగింది, అది ఆయన చెవిన పడింది. ఇక జన్మవైరం. తెర మీద ఆ రుసరుసలే ముప్పై ఏళ్ల కాపురంలా కనిపించాయి.

వారం ఎలా గడిచేదంటే, స్క్రిప్టు చదవడం, నాలుగు రోజుల రిహార్సల్, ఒక రాత్రి సుమారు మూడు వందల మంది ముందు ప్రదర్శన. స్క్రిప్టులో లూసీ చేసే శారీరక విన్యాసాలన్నీ పెద్ద అక్షరాల్లో టైపు చేసేవాళ్లు, అక్షరం అక్షరం, చేయి ఎటు, కాలు ఎటు అని. వాళ్లలో వాళ్లు దాన్ని నల్లభాగం అనుకునేవాళ్లు. నవ్వంతా అక్కడికక్కడ పుట్టిందనుకుంటాం కదా? లేదు. చాలావరకు రాసి ఉంది. రాసిన ప్రతి విన్యాసాన్నీ ముందు మాడెలిన్ ప్యూ తానే చేసి చూసేది, ఒక ఆడమనిషి చేయగలదా లేదా అని. ఈ రచయిత్రి పేరు మనం తరచుగా మరచిపోతాం.

ఇంకో ఎపిసోడ్ చెబుతాను, నటన నేర్చుకునేవాళ్లకు ఇది పాఠ్యపుస్తకం. 1952 మే నెల. లూసీ ఒక బలవర్ధక టానిక్ ప్రకటనలో నటించాలి. దాని పేరు వీటామీటావెజమిన్, పలకడమే ఒక పరీక్ష. ప్రతి రిహార్సల్‌కూ ఒక చెంచా తాగాలి. టానిక్‌లో 23 శాతం మద్యం ఉందని ఆవిడకు తెలియదు. చూడండి ఎలా కట్టిందో. మొదటి చెంచా, ముఖం వికారం, వెంటనే దాచుకుని చిరునవ్వు. తర్వాత చెంచా కాస్త సుఖంగా దిగుతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం జారుతుంది. ఒక్కటే. మరోసారి రెండు. మాటలు స్థానాలు మారతాయి. చివరికి చెంచా ఎటో, సీసా ఎటో. మనవాళ్లు తాగుబోతు వేషం అంటే రాగానే తూలుతారు. రాగానే తూలితే ఇంక వెళ్లడానికి చోటేది? ఆవిడ మెట్టు మెట్టుగా దిగింది, ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు. సీసాలో నిజంగా ఉన్నది మద్యం కాదు, ఆపిల్ పెక్టిన్ అనే పండ్ల జిగురు. మత్తంతా లెక్క.

ఇంత రిహార్సల్ మనిషి ఒకసారి కావాలని రిహార్సల్ మానేసింది. 1957. కోళ్లు గుడ్లు పెట్టడం లేదని భర్తకు తెలియకుండా, లూసీ, ఎథెల్ ఇద్దరూ కొనుక్కొచ్చిన గుడ్లను బట్టల్లో దాచుకుని కోళ్లగూటికి చేరవేస్తుంటారు. లూసీ జాకెట్టు నిండా గుడ్లు. అప్పుడే భర్త వచ్చి, బడి కార్యక్రమానికి టాంగో నాట్యం సాధన చేద్దాం రా అంటాడు. ఆ నాట్యం చివరి అడుగులో భార్యను గుండెకు గట్టిగా హత్తుకోవాలి. అర్థమైందిగా? వారమంతా అడుగులు సాధన చేశారు, గుడ్లు లేకుండా. గుడ్లు పగలడం అనేది ఒంటికి మొదటిసారిగా ప్రేక్షకుల ముందే తెలియాలనుకుంది. హత్తుకున్నాడు. పగిలాయి. ఆవిడ ఏమీ చేయదు. నిలబడి ఉంటుంది. చల్లటిదేదో లోపల జారుతున్న మనిషి ముఖం, అంతే. నవ్వు 65 సెకన్లు ఆగలేదని చెబుతారు. ఆ కార్యక్రమంలో అంతకు మించిన పొడవైన నవ్వు లేదు. అరవై అయిదు సెకన్లు ఒక్క మాట లేకుండా వేదిక మీద నిలబడి చూడండి. మీ గడియారంతో ఇంటి దగ్గర ప్రయత్నించండి. ఇరవై సెకన్లకే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఏది సాధన చేయకూడదో తేల్చుకోవడానికి ఆవిడకు ఎన్నేళ్ల సాధన పట్టిందో ఆలోచించండి.

జీవితంలోకి వస్తాను. 1952లో మళ్లీ గర్భవతి అయింది. కార్యక్రమం ఆపేయాలనుకున్నారు. కుదరదు, కథలో లూసీ కూడా గర్భవతి అవుతుందన్నారు వీళ్లు. గర్భవతి అనే మాట టెలివిజన్‌లో పలకకూడదట! వేరే మాట వాడారు. ఒక క్రైస్తవ మతగురువు, ఒక పాస్టరు, ఒక యూదు మతగురువు, ముగ్గురూ స్క్రిప్టులు చదివి అభ్యంతరం లేదనాలి. ఆ ముగ్గురినీ తలుచుకుంటే నాకు నవ్వాగదు. క్లబ్బులో పాడుతున్న భర్తకు ఆ కబురు తెలిసే ఘట్టంలో ఇద్దరూ నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు. మళ్లీ తీద్దామంటే ఎదురుగా ఉన్న ప్రేక్షకులే వద్దు వద్దని అరిచారు. అదే ఉంచారు. 1953 జనవరి 19న లూసీకి కొడుకు పుట్టిన ఎపిసోడ్ ప్రసారమైంది. అదే రోజు ఉదయం ఆసుపత్రిలో లూసిల్‌కు శస్త్రచికిత్సతో నిజంగా కొడుకే పుట్టాడు. 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చూసినవాళ్లు 2 కోట్ల 90 లక్షలు.

అదే ఏడాది సెప్టెంబరులో తాతయ్య తిరిగి వచ్చాడు. మనిషి అప్పటికే లేడు, ఆయన చేయించిన సంతకం వచ్చింది. ఆయన శ్రమజీవుల పక్షం మాట్లాడే మనిషి. 1936లో ఇంటిల్లిపాదినీ కమ్యూనిస్టు ఓటర్లుగా నమోదు చేయించాడు. ముసలాయన మనసు నొప్పించలేక పెట్టానంది లూసిల్, కమ్యూనిస్టులను వెతికే అమెరికా పార్లమెంటు విచారణ సంఘం ప్రతినిధి ముందు. ఆ రోజుల్లో అలాంటి ఒక్క కాగితంతో ఎందరి బతుకులో ఆరిపోయాయి. కబురు రేడియోలో, పత్రికల్లో గుప్పుమంది. ఆ శుక్రవారం రాత్రి రికార్డింగు. ప్రేక్షకులు ఏం చేస్తారో తెలియదు. డెసి ముందుకు వచ్చి చెప్పాడు, లూసీలో ఎర్రగా ఉన్నది జుట్టు ఒక్కటే, అది కూడా అసలు రంగు కాదు అని. జనం లేచి నిలబడ్డారు. ఈ కథ అందరూ ఇక్కడితో ఆపుతారు. నేను ఇంకొక్క మాట కలుపుతాను. ఆవిడకు ఆ ఆదరణ దక్కింది, దేశంలో మొదటి స్థానంలో ఉంది కాబట్టి. అంత పేరులేని నటులకు దక్కలేదు.

కాపురం నిలబడటానికి మొదలుపెట్టిన కార్యక్రమం కాపురాన్ని నిలబెట్టలేదు. తాగుడు, ఇతర స్త్రీలు, పని ఒత్తిడి. 1957 తర్వాత అవే పాత్రలతో అప్పుడప్పుడు ప్రత్యేక ఎపిసోడ్లు చేసేవాళ్లు, 1960 మార్చి 2న ఇద్దరూ కలిసి వాటిలో చివరిది చిత్రీకరించారు. తేదీ గుర్తుందా? డెసి పుట్టినరోజు. నమూనా ఎపిసోడ్ తీసి సరిగ్గా తొమ్మిదేళ్లు. చివర్లో ముద్దు పెట్టుకుని రాజీపడే ఘట్టం. మర్నాడు ఆవిడ విడాకులకు దరఖాస్తు చేసింది.

1962లో డెసి వాటా కొనేసి డెసిలూ అధిపతి అయింది. అంత పెద్ద టెలివిజన్ స్టూడియోకు అధిపతి అయిన తొలి మహిళ. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాసిబుల్’ అక్కడి నుంచే వచ్చాయి. ఖర్చు ఎక్కువ, వద్దని సొంత బోర్డు సభ్యులే అన్నా ఆవిడ కానివ్వండి అంది. 1967లో 1 కోటి 70 లక్షల డాలర్లకు సంస్థను అమ్మేసింది. ఆఫీసు గదిలో ఆవిడకు సుఖం లేదు.

సుఖం ఎక్కడ? అదీ చెప్పాలి. 1963లో తర్వాతి కార్యక్రమంలో ఒక ఘట్టం. లూసీ, వివియన్ ఇద్దరూ స్నానాలగదిలో షవరు బిగిస్తారు. నీళ్లు నిండిపోతాయి, తలుపు తెరుచుకోదు. అద్దాల గది, నిజమైన నీళ్లు. అడుగున ఉన్న గొట్టం తెరవడానికి లూసిల్ మునిగింది. మునిగి, పైకి తిరగలేకపోయింది. ఊపిరి అందలేదు. ప్రేక్షకులు పగలబడి నవ్వుతున్నారు, అది కూడా నటనే అనుకుని. ఏదో తేడాగా ఉందని వివియన్‌కు అర్థమైంది. జుట్టు పట్టుకుని పైకి లాగింది. లాగి, ఈవిడ ఊపిరి తీసుకునేదాకా మాటలు తానే కల్పించి చెబుతూ ఘట్టం నడిపింది. కెమెరా ఆగలేదు. మీ వేదిక మీద మీ జుట్టు పట్టుకుని లాగేవాళ్లు ఎవరు? పక్కన నిలబడ్డవాళ్ల ముఖాలు ఒకసారి చూసుకోండి.

చివరి రోజులు త్వరగా చెప్పేస్తాను, నాకు అంత ఇష్టం లేదు. నటనకు నాలుగు ఎమ్మీ టెలివిజన్ పురస్కారాలు, ఎన్నో గౌరవాలు. 1986లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. ఎనిమిది ఎపిసోడ్లు ప్రసారమయ్యాక ఆపేశారు. నిచ్చెన ఎక్కుతున్న ముసలావిడను చూసి జనం నవ్వలేదు, పడిపోతుందేమో అని భయపడ్డారు. అదే ఏడాది డిసెంబరు 2న డెసి పోయాడు. అయిదు రోజులకు కెనెడీ సెంటర్ గౌరవ సభలో ఆయన ముందే రాసిపెట్టిన ఉత్తరం చదివారు. ‘ఐ లవ్ లూసీ’ అనేది ఒట్టి శీర్షిక కాదు అని ఉంది అందులో. ముఖానికి చేయి అడ్డం పెట్టుకుని ఆవిడ వింది. 1989 ఏప్రిల్ 26న ఆవిడా పోయింది.

చిన్నప్పుడు పెరిగిన సెలొరాన్‌లో 2009లో ఒక విగ్రహం పెట్టారు, చేతిలో ఆ టానిక్ సీసా, చెంచా. అది ఎంత భయంకరంగా ఉందంటే ఊరివాళ్లే భయపెట్టే లూసీ అని పేరు పెట్టారు. 2016లో ఆవిడ పుట్టినరోజున కొత్తది పెట్టారు. పాతది తీసేయలేదట, చూడటానికి జనం వస్తున్నారని!

ఇక దీపాలు ఆర్పండి బాబూ, గుడ్ల ఎపిసోడ్ వేద్దాం. ఒక్క మాట. అందులో వినిపించే నవ్వు ఆ రాత్రి ఎదురుగా కూర్చున్నవాళ్లది. లూసిల్ తల్లి డీడీ చాలా రికార్డింగులకు వచ్చి కూర్చునేది, ఆ ఉత్తరం అందుకున్న తల్లి. కూతురు చిక్కుల్లో పడబోతుంటే ఉండబట్టలేక ‘అయ్యో’ అన్నట్లు గట్టిగా అనేసేది. చాలా ఎపిసోడ్లలో అందరి నవ్వుల మధ్య ఆ గొంతు వేరుగా తెలుస్తుంది. శబ్దం కొంచెం పెంచండి.